మీర్ జుమ్లా: బందరు బట్టల బేరము

మీర్ జుమ్లా పేరు వినని ఆంధ్రులరుదు. కోహినూరు వజ్రమును షాజహాను చక్రవర్తికి కానుక వెట్టినవాడని కొందఱు, పెమ్మసానివారి చేతినుండి గండికోటను లాగికొన్నవాడని కొందఱు, ఉప్పు తిన్న గోలకొండ సుల్తానును విడనాడి మొగలాయీల పంచ జేరినవాడని మఱికొందఱు అతనిని తలచుకొందురు. మొదటిది లోకవార్త, తక్కిన రెండును చరిత్రము. కాని యీ మూటికంటెను మన దేశపు బ్రదుకుతో నెక్కువ సంబంధము గల విషయ మింకొకటి మఱుగున పడియున్నది. మన సాలెవారు నేసిన బట్ట విదేశములకు పోవు త్రోవను తన గుప్పిట నుంచుకొని, ఫిరంగులతోడను ఓడలతోడను వచ్చిన ఐరోపా కంపెనీలతో సరిసమానముగా బేరమాడిన తొలి దొరలలో నితడొకడు. ఆ బేరమున నతడు గెలిచిన దేమి, మనము పోగొట్టుకొన్న దేమి యనునది నేటికిని విచారింపదగిన విషయమని మేము తలంచుచున్నాము.

ఇతని నిజనామము మహమ్మదు సయ్యదు. మీర్ జుమ్లా యనునది పదవినిబట్టి వచ్చిన పేరు. పారశీక దేశమున ఇస్ఫహాను నగరమునకు చేరువనున్న అర్దిస్తాను అతని జన్మస్థానము. తండ్రి నూనె యమ్ముకొని జీవించినవాడు. కుమారుడు చదువు కొంత సంపాదించి, ఒక వర్తకుని కొలువున జేరి, 1630వ సంవత్సర ప్రాంతమున గోలకొండకు వచ్చెను. వజ్రముల వ్యాపారమున ధనము కూడినది. ధనమువలన దర్బారున ప్రవేశము కలిగినది. అప్పుడు గోలకొండ నేలుచున్నవాడు అబ్దుల్లా కుతుబ్షా. 1636లో మహమ్మదు సయ్యదు మచిలీపట్టణమునకు హవల్దారుగా నియుక్తుడయ్యెను. మనవారు బందరని పిలుచుకొను నా రేవు అతనికి పాఠశాల యైనది.

ఆనాటి బందరు స్థితిని పాఠకులు కొంచె మెఱుగుట యవసరము. గోలకొండ రాజ్యమున రేవుల యధికారము గుత్తకు పోవుచుండెడిది. ఎవ డెక్కువ పాడునో వానికే హవల్దారీ. ఏటేట పాట పెరుగును. పాడుకొన్నవాడు తన సొమ్మును లాభముతోగూడ ఆ యేడాదిలోనే రాబట్టుకొనవలెను. ఆ భారము క్రమముగా దిగి దిగి మగ్గముకడ గూర్చున్నవాని మెడమీద పడుచుండెను. 1630 మొదలు 1632 వఱకు వచ్చిన మహాక్షామమున నేతగాండ్రు పెక్కురు నశించిరి; మిగిలినవా రింకను తేఱుకొనలేదు.

ఇట్టి దేశమునకు ఐరోపావా రేల వచ్చిరి? వారికి కావలసినవి తూర్పుదీవులలోని మిరియము, లవంగము, జాజికాయ. ఆ దీవుల ప్రజలు వెండికంటె మన చోళమండలపు బట్టను కోరిరి. కృష్ణా ముఖద్వారమున దొరకు చిరివేరుతో నెఱ్ఱగా అద్దిన బట్టకు అక్కడ నున్న గిరాకి మఱి దేనికిని లేదు. బట్ట లేనిదే సుగంధద్రవ్యము లేదు. సుగంధద్రవ్యము లేనిదే ఆంస్టర్డాములో లాభము లేదు. మనవారు వలందాలని పిలిచిన డచ్చివారు ఈ రహస్యమును ముందుగా గ్రహించి, 1606లో గోలకొండనుండి ఫర్మానా పుచ్చుకొని, రానుపోను సరకులమీద నూటికి 4 చొప్పున సుంకము చెల్లించునట్లు ఒడంబడిక చేసికొనిరి. 1612లో ఆ లెక్క కూడ లేకుండ సాలునకు 3,000 వరహాలు మొత్తముగా చెల్లించుటకు ఏర్పాటయ్యెను. ఆంగ్లేయులు 1632లో బంగారు ఫర్మానా యని తాము చెప్పుకొను దానిని సంపాదించి, సాలునకు 500 వరహాలతో సరిపెట్టుకొనిరి.

ఇం దొక చిక్కు కలదు. సుంకము మొత్తముగా కట్టుబడి యైనపిమ్మట ఒక యోడ బట్టలు పోయినను పది యోడల బట్టలు పోయినను రాజునకు రాబడి యొకటే. వర్తకము పెరిగినకొలది లాభమంతయు కొనువానిది. ఫర్మానా నిచ్చి చేతులు గట్టుకొన్న ప్రభువు సుంకమును హెచ్చింపజాలడు. హెచ్చించినచో మాట తప్పినవాడగును. మఱి యాతని చేతిలో మిగిలిన దేమి? బట్ట దొరకుటయు దొరకకపోవుటయు. ఈ సూక్ష్మమును గోలకొండ కొలువులో చక్కగా గ్రహించినవాడు మీర్ జుమ్లా.

బందరు హవల్దారీనుండి కొలది కాలములోనే యతడు సర్ ఖేల్ పదవికి, అనగా రాజ్యమున నగ్రగణ్యమైన యధికారమునకు, ఎగబ్రాకెను. 1642 మొదలుకొని కర్ణాటక దండయాత్ర నడపెను. విజయనగర వంశమున కడపటివాడగు మూడవ శ్రీరంగరాయలు తనవారిలో తమకు పొత్తు కుదరక బలహీనుడై యుండెను. ఉదయగిరి పడినది, నెల్లూరు మొదలు పులికాటు, చెన్నపట్టణముల వఱకు తీరమంతయు గోలకొండ యధికారమునకు లోబడినది, సిద్ధవటము పడినది, 1650లో పెన్న లోయమీద గండికోట పడినది. అచ్చట నతడు కట్టించెనను మసీదు నేటికిని కోటలో నిలిచియున్నది. పేరునకు ఇది గోలకొండ జయము. నిజమున కిది మీర్ జుమ్లా స్వంత రాజ్యము. సైన్య మతనిది, వజ్రపు గనులతనివి, ఓడలతనివి. పారశీకమునకు, పెగూకు, ఆరకానునకు, అచీనునకు, మకస్సారునకు అతని సరకులు పోవుచుండెను.

తీరము చేజిక్కగనే బట్టల వర్తకమును తన చెప్పుచేతలలోనికి తెచ్చుకొనెను. అంతవఱకు కంపెనీవారు మన వర్తకులకు బయానా యిచ్చెడివారు; వర్తకులు దలాలీలద్వారా ఊరూర సాలెవారికి, దేవాంగులకు, కైకోలవారికి ఆ సొమ్ము పంచి, నెలల తరబడి వేచి, బట్ట తెప్పించి, పొడవు వెడలుపులు కొలిచి, అద్దకము చూచి, రకములుగా ఏఱి యిచ్చెడివారు. ఈ గొలుసులో నొక్క కొక్కెము త్రెంచినను ఓడ ఖాళీగా పోవలసినదే. మీర్ జుమ్లా మనుష్యులు నేతపల్లెలలో దిగి కొనుగోలును తమ చేతిలోనికి తీసికొని, పరదేశ కంపెనీలు తమ దొరకడనే, తమ దొర చెప్పిన వెలకే కొనవలెనని పట్టుపట్టిరి. తుపాకి యొకటియు ప్రేలలేదు. ఫర్మానాలోని మాట యొకటియు మీఱలేదు. కాని సుంకముగా రాని లాభము వెలగా వచ్చినది.

డచ్చివారు ఊరకుండువారు కారు. వారు పేరునకు వర్తక సంఘమైనను, కోటలు గట్టుటకు, యుద్ధము చేయుటకు, సంధులాడుటకు తమ ప్రభుత్వమునుండి హక్కు పడసినవారు. పులికాటులో వారి కోట 1613 నుండి యున్నది. 1641లో పోర్తుగీసువారినుండి మలక్కాను గెలిచికొని, మలయా రేవులకు పోవు మన యోడలన్నియు తమ చీటి పుచ్చుకొనవలెననియు, మలక్కాలో నిలిచి సుంకము చెల్లింపవలెననియు శాసించిరి. అచీను, పేరాకు రేవులలో మన బట్టకు మాఱుగా తగరము దొరకును. ఆ తగరము తమకే దక్కవలెనని డచ్చివారి పట్టుదల. కావున మీర్ జుమ్లా యోడలకు ఒకప్పుడు చీటి యిచ్చుట, ఒకప్పుడు నిరాకరించుట, చీటిలేని యోడను పట్టుకొందుమని బెదరించుట వారి నీతి యైనది.

ఇట్లు రెండు వర్తక ప్రభుత్వములు ఎదురెదురుగా నిలిచినవి. ఒకదానికి నేల కలదు, మగ్గములు కలవు, చిరివేరు కలదు, బియ్యము కలదు, బండ్లు నడచు త్రోవలు కలవు. సముద్రముమీద బలము లేదు. రెండవదానికి ఓడలు కలవు, ఫిరంగులు కలవు. కోటగోడ దాటిన పిమ్మట అడుగు పెట్టుటకు చోటు లేదు. నేలమీది వాడు బట్టను బిగబట్టగలడు. నీటిమీది వాడు త్రోవను బిగబట్టగలడు. ఇద్దఱును బిగబట్టినచో ఇద్దఱికిని నష్టము. ఇద్దఱి యాశయును ఎదుటివాని నష్టము తమకంటె ముందుగా వానిని లొంగదీయు ననుటయే. నేటి భాషలో మనము వర్తక నియంత్రణమని చెప్పుకొను దాని స్వరూప మంతయు నిందు కలదు.

ఈ పెనుగులాటలో మీర్ జుమ్లా చూపిన నేర్పు ప్రశంసింపదగినది. అత డెన్నడును ఒక్క కంపెనీతోనే బేరము పెట్టుకొనలేదు. డచ్చివారు బిగిసినప్పుడు ఆంగ్లేయులను చేరదీసెను. 1647లో చెన్నపట్టణమున వారి పూర్వపు హక్కులను ఖాయపఱచెను. వారికి అప్పులిచ్చి తనకు కట్టుపడియుండునట్లు చేసెను. తన సరకును వారి యోడలలో పారశీకమునకు పంపెను. పోర్తుగీసువారి యోడలోను సరకు వేసెను. అట్లు మకావునుండి వచ్చుచున్న పోర్తుగీసు ఓడనొకదానిని డచ్చివారు పట్టుకొనగా, అందులో తన సొత్తున్నదని పరిహారమునకు పట్టుబట్టి, వారి బట్టల కొనుగోలునకే యెసరు పెట్టునంతవఱకు వచ్చెను. బతావియాలోని డచ్చి పెద్దలు తమ యోడల బలమును మన మగ్గముల యవసరమును ప్రక్క ప్రక్కన పెట్టి లెక్క చూచుకొని, ఈ నవాబుతో పోరుకంటె రాజీయే మేలని నిశ్చయించిరి. వారి దూతలు కానుకలతో పులికాటునుండి కొండలెక్కి గండికోట శిబిరమునకు పోవలసివచ్చెను.

ఆ శిబిరమును 1652లో చూచిన ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే వ్రాసిన చిత్రము మనోహరమైనది. సుల్తాను మీర్ జుమ్లా చూడనిదే రత్నముల నేవియు కొనడట. అందుచే తావెర్నియే గోలకొండకు పోకముందే పెన్న యొడ్డునకు వచ్చెను. గుడారములో నవాబు చాపమీద కూర్చుండి, చేతివ్రేళ్ల సందులందును కాలివ్రేళ్ల సందులందును ఉత్తరములు దోపుకొని, ఒక్కొక్కటి తీయుచు ఇద్దఱు లేఖకులకు జాబులు చెప్పుచుండెను. దండు వార్త యొకటి, వజ్రపు గని లెక్క యొకటి, ఓడ సంగతి యొకటి. ఆ గుడారముననే నేరస్థుల విచారణయు జరుగుచుండెను. రాజ్యము, వ్యాపారము, న్యాయము ఒక్క మనుష్యుని వ్రేళ్ల సందున నుండెనని చెప్పుటకు ఇంతకంటె దృష్టాంత మక్కఱలేదు. అతని బలమంతయు నిందే కలదు. మన దౌర్బల్యమును ఇందే కలదు.

ఏలయన, ఇంతటి బేరమాడినవాడు ఎవరి పక్షమున నాడెను? గోలకొండ ఖజానా పక్షముననా? కాదు. వెలలోని లాభము నవాబు పెట్టెలోనికి పోయెను. బట్ట నేసినవాని పక్షముననా? అంతకంటెను కాదు. కొనువారు నలుగురున్నప్పుడు సాలెవాడు ఒకరు కాకున్న నొకరికి అమ్ముకొనగలడు. నవాబు మనుష్యులొక్కరే కొనువారైనప్పుడు వారు చెప్పినదే వెల. పరదేశికి వెల పెరిగినది, నేతగానికి పెరుగలేదు. పైగా కర్ణాటక యుద్ధములు సాగుచున్న కాలముననే, 1646, 1647 సంవత్సరములలో, పులికాటు, సాంథోము, చెన్నపట్టణ ప్రాంతముల ఘోరక్షామము వచ్చి నేతపల్లెలు పాడుపడెను. బట్ట నొక యాయుధముగా వాడుకొనిన దొర ఆ యాయుధమును తయారుచేయు చేతులను కాపాడుకొనవలెనని తలంచినట్లు కానరాదు.

స్వప్రయోజనమునకు గట్టిన కోట స్వప్రయోజనముతోనే కూలును. మీర్ జుమ్లా వైభవమును చూచి సుల్తానునకు భయము పుట్టెను. 1655లో నవాబు కుమారుడు మహమ్మదు అమీనును సుల్తాను చెఱలో బెట్టించెను. ఆ నెపముతో దక్కను సుబేదారుగానున్న ఔరంగజేబు 1656లో గోలకొండను ముట్టడించెను. మీర్ జుమ్లా తన సంపదతో, సైన్యముతో మొగలాయీలలో కలిసి, ఢిల్లీకి పోయి షాజహానునకు వజీరయ్యెను. కర్ణాటకము అతనికి జాగీరుగా దఖలు పడెను. దానిని కాపాడుటకు అతని దళవాయి తుపాకి కృష్ణప్ప ఇచట నిలిచి గోలకొండవారితోడను శ్రీరంగరాయలతోడను పోరాడుచుండెను.

దొర దూరమయ్యెనని తెలిసిన తక్షణమే కంపెనీల ధోరణి మాఱినది. నిన్నటివఱకు అతని యప్పులు పుచ్చుకొన్న చెన్నపట్టణపు ఆంగ్లేయులు 1656లో అతని యోడనే పట్టుకొనిరి. అతని మనుష్యులు చెన్నపట్టణమును ముట్టడించిరి. నెలల తరబడి రాకపోకలాగి, బట్టలాగి, తుదకు 1658లో రాజీ కుదిరినది. ఆ రాజీవలన ఆంగ్లేయులు పట్టణమునకై సాలునకు 380 వరహాలు చెల్లించి నిరాఘాటముగా నుండవచ్చును. అతడు గతించిన పిమ్మట 1672లో గోలకొండ యధికారి నెక్నామ్ ఖాను ఆ మొత్తమును 1,200 వరహాలకు పెంచెను గాని, అదియే శాశ్వతమైన కట్టుబడి యయ్యెను. చెన్నపట్టణము మహానగరముగా పెరిగినది. కట్టుబడి మాత్రము పెరుగలేదు. మొదట బందరులో జరిగిన పొరపాటే మరల జరిగినది.

అటుపిమ్మట మీర్ జుమ్లా చరిత్రము మన సీమ దాటిపోయినది. వారసత్వ యుద్ధమున ఔరంగజేబు పక్షమున నిలిచి షూజాను తఱిమి, 1660లో వంగదేశమునకు సుబేదారయ్యెను. అచ్చటను ఆంగ్లేయులను తన యోడ విషయమై నిలదీసి, వారి వర్తకమునకు అడ్డు తగిలి, క్షమాపణ చెప్పించుకొనెనట. పాత విద్య క్రొత్త సీమలోను పనిచేసినది. 1661లో కూచబిహారును పట్టి, 1662లో అస్సాము రాజధాని గఢగావును ప్రవేశించెను. వానకాలము వచ్చి నదులు పొంగినవి. దండు అన్నము లేక, రోగములపాలై కృశించినది. 1663 ఆరంభమున సంధి చేసికొని, తిరుగు ప్రయాణమున మార్చి మాసాంతమున మరణించెను. నూనెవర్తకుని కుమారుడు, ఒకప్పుడు తీరమునంతయు తన వ్రేళ్ల సందున నుంచుకొన్నవాడు, బ్రహ్మపుత్ర చెంత పరాయి నేలలో కలిసిపోయెను.

అతని యనంతరము మన తీరమున బట్టను బిగబట్టగల చేయి లేకపోయినది. 1686లో డచ్చివారు తమ బాకీలు రాలేదని బందరునే యాక్రమించుకొన సాహసించిరి. 1687లో గోలకొండయే పడిపోయినది. ఆంగ్లేయుల పార్లమెంటు మన అద్దకపు బట్టలను తమ దేశమున వాడరాదని 1700లోను, 1720లోను చట్టములు చేసినది. ఆ నిషేధమునకు బదులు చెప్పుటకు, బట్ట నాపుదుమనుటకు, పత్తి నాపుదుమనుటకు మనకు ప్రభుత్వ మనునది మిగులలేదు. బేరమాడవలెనన్నను ఇరుప్రక్కల మనుష్యులుండవలెను గదా!

ఇది పాతకథ యని పాఠకులు త్రోసివేయరాదు. 1933, 1934 సంవత్సరములలో హిందూదేశ ప్రభుత్వమును జపానును సంప్రదించుకొని, జపాను మన పత్తిని 10 లక్షల బేళ్లు కొన్నచో తన బట్టను 32 కోట్ల 50 లక్షల గజములు మనకు పంపవచ్చుననియు, పత్తి 15 లక్షల బేళ్లకు పెరిగినచో బట్ట 40 కోట్ల గజముల వఱకు పోవచ్చుననియు ఒప్పందము చేసికొనిరి. అటుపిమ్మట 1974 మొదలు 2004 అంతము వఱకు ధనిక దేశములు ఏ దేశమునుండి ఏ రకము బట్ట యెంత రావలెనో పరిమాణము నిర్ణయించి, బీదదేశములతో విడివిడిగా ఒడంబడికలు వ్రాయించుకొనెను. సుంకము పెంచరాదని కట్టుపడిన ప్రభుత్వములు పరిమాణమును పట్టుకొనినవి. 1606 ఫర్మానా పిమ్మట మీర్ జుమ్లా పట్టుకొన్న కొక్కెమే యిది. అప్పుడు ఎగుమతిచేయువాడు బిగించినాడు. ఇప్పుడు దిగుమతిచేయువాడు బిగించినాడు. అంతియే భేదము.

కాని యొక విశేషము చెప్పదగియున్నది. 1974 నాటి యా యేర్పాటులో 12వ అధికరణము కలదు. ఇంటిపట్టున చేమగ్గముమీద నేసిన బట్టకు, ఆ బట్టతో చేతిపనిగా చేసిన వస్తువులకు, సంప్రదాయసిద్ధమైన హస్తకళా వస్త్రములకు, తగిన ధ్రువపత్ర మున్నచో, ఆ కట్టడి వర్తింపదని అందు వ్రాయబడినది. చీరాలలోనో, పెడనలోనో, పోచంపల్లిలోనో మగ్గముకడ కూర్చున్నవానిని తలచుకొని, లోకపు ప్రభుత్వములు కూర్చున్న సభలో ఒక వాక్యము చేర్పించుట సాధ్యమని ఇందువలన తేలుచున్నది. అయినను పరిమాణపు చీటీలవలని లాభము ప్రధానముగా వానిని చేతబట్టుకొన్న ఎగుమతిదారులదే యయ్యె ననుటయు సత్యమే.

మీర్ జుమ్లాకు లోపించినది బుద్ధి కాదు, ధైర్యము కాదు, సమయజ్ఞత కాదు. ఆ మూటియందు నతనికి సాటివచ్చువారు ఆ శతాబ్దమున నరుదు. లోపించినది ఆ యొక్క వాక్యము. బేరము గెలిచినపుడు ఆ గెలుపులో మగ్గమునకు భాగమెంత యని అతడు అడుగలేదు. అడుగుమని చెప్పువారును లేకపోయిరి. కావున అతడు పోగానే గెలుపును పోయినది. మగ్గము నిలిచియుండినచో దొర మాఱినను బేరము నిలుచును. దొర నిలిచియుండి మగ్గము పాడైనచో ఎంతటి రాజనీతియు ఒక తరము దాటదు. మనవారు ఇకమీద ఏ దేశముతోనైనను బట్ట విషయమున బేరమునకు కూర్చుండునపుడు, ఎన్ని గజములని యడుగుటకు ముందు ఎవరి గజములని యడుగుదురు గాక.